సవరణ: కేటీఎం మూతపడలేదు

ఆస్ట్రియా బైకుల కంపెనీ కేటీఎం మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో ‘కంపెనీ మూసేస్తున్నారు, మోటోజీపీ (బైక్ రేసుల ప్రపంచ ఛాంపియన్‌షిప్) వదిలేస్తున్నారు, కార్మికుల నవంబరు జీతాలు పోయినట్టే’ అని రాశాను. మూడూ తప్పే. ఆస్ట్రియాలో రుణదాతల సంఘాలు, కంపెనీ ఇచ్చిన ప్రకటనలను బట్టి సరిచేస్తున్నాను.

2024 నవంబరు 29న కేటీఎం కోర్టుకెళ్లింది ఆస్తులమ్మి మూసేయడానికి కాదు, అప్పుల పునర్వ్యవస్థీకరణకు. ఈ పద్ధతిలో కోర్టు నియమించిన అధికారి పర్యవేక్షణలో యాజమాన్యమే కంపెనీని నడుపుతుంది. అప్పుల్లో కనీసం 30 శాతం రెండేళ్లలో తీర్చాలి, మిగతాది రుణదాతలు వదులుకుంటారు. 2025 ఫిబ్రవరి 25న రుణదాతలు ఒప్పుకున్నదీ 30 శాతమే, కాకపోతే మే 23లోపు ఒకేసారి కట్టాలి. ఆ డబ్బు కేటీఎంలో భాగస్వామి అయిన మన బజాజ్ సర్దింది.

జీతాల బకాయిలకు అక్కడ వేతన హామీ నిధి ఉంది. అలాగని కార్మికులకు ఏమీ కాలేదనుకోవద్దు, వందల ఉద్యోగాలు పోయాయి. కేటీఎం ఫ్యాక్టరీ ఉన్న మాటిగ్‌హోఫెన్‌లో డిసెంబరులో ఆగిన ఉత్పత్తి మార్చిలో మొదలై, విడిభాగాలు అందక మళ్లీ ఆగి, జూలై చివర్లో గానీ తిరిగి మొదలుకాలేదు. పాత బాకీలో 70 శాతం వదులుకున్న సప్లయర్ల కష్టం ఇంకా పెద్దది.

రేసింగ్ మాత్రం ఆగలేదు. 2025 జనవరిలో డకార్ అనే ఎడారి ర్యాలీలో బైకుల విభాగం గెలుపు కేటీఎందే, మోటోజీపీ సీజన్ కూడా పూర్తిగా ఆడింది.