లూవ్ర్ కోట ఒక్క దెబ్బకి ప్యాలెస్ అయిపోలేదు

ఇప్పుడు మ్యూజియంగా ఉన్న పారిస్ లూవ్ర్ గురించి ఒక పోస్ట్ తెగ షేర్ అవుతోంది, మా ఫ్యామిలీ గ్రూప్ లోకే రెండు సార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: లూవ్ర్ మూడొందల ఏళ్ళు సైనికులూ ఖైదీలూ తప్ప ఎవరూ ఉండని చీకటి కోట, ఫిరంగులొచ్చి కోటలు పనికిరాకుండా పోయాక మొదటి ఫ్రాన్సిస్ రాజు దాన్ని మొత్తం నేలమట్టం చేసి లియొనార్డో డావించీ ప్లాన్ తో ప్యాలెస్ కట్టించాడు, పాత కోట రాయి ఒక్కటి కూడా మిగల్లేదు. నాకు ఈ కట్టడమంటే ప్రాణం, అందుకే ఒక్కో ముక్కా తీసుకుని చెప్తున్నా.

చీకటి కోట అన్నది మొదట్లో నిజమే. 1190 ప్రాంతంలో ఫ్రాన్స్ రాజు ఫిలిప్ ఆగస్టస్ క్రూసేడ్ అనే మతయుద్ధానికి బయల్దేరుతూ పారిస్ చుట్టూ గోడ కట్టమన్నాడు, నార్మండీ అప్పుడు ఇంగ్లండ్ రాజు చేతిలో ఉంది కాబట్టి శత్రువు అటు నుంచే వస్తాడని గోడ బయట పడమటి వైపు ఈ కోట లేపారు. 78 మీటర్లు ఒక పక్క, 72 మీటర్లు ఇంకో పక్క, నడిమధ్యన పెద్ద గుండ్రటి బురుజు, దాని చుట్టూ విడిగా ఇంకో కందకం. 1214లో బూవీన్ యుద్ధంలో దొరికిన ఫ్లాండర్స్ ప్రభువు ఫెరాన్ ఇక్కడే పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడు.

కానీ పోస్ట్ లో అసలు కనపడని మనిషి ఫ్రాన్స్ రాజు ఐదో చార్లెస్, నాకు బాధ కలిగించేది అదే. 1358లో పారిస్ వర్తకుల పెద్ద ఎతియెన్ మార్సెల్ తిరుగుబాటప్పుడు ఈయన ఇంకా యువరాజు, నగరం మధ్యలో ఉన్న పాత రాజభవనంలో ఈయన కళ్ళ ముందే ఇద్దరు మార్షల్స్ ని, అంటే పెద్ద సైన్యాధికారుల్ని నరికేసారు, తర్వాత ఆ భవనంలో ఉండటం ఆయనకి ఇష్టం లేకపోయింది. 1360ల్లో రేమోన్ దు తాంప్ల్ అనే మేస్త్రీని పెట్టి లూవ్ర్ గోడలకి పెద్ద కిటికీలు తీయించాడు, అంతస్తులు పెంచాడు, కోట మధ్య ఆవరణలోకి పొడుచుకొచ్చేలా పెద్ద మెలిక మెట్లు కట్టించి దాని బయట రాజకుటుంబం విగ్రహాలు పెట్టించాడు. ఆ మెట్లకి రాయి చాలకపోతే ఇన్నోసాంట్స్ శ్మశానం నుంచి సమాధి రాళ్ళు కొనుక్కొచ్చి వేసారు! ఒక బురుజులో లైబ్రరీ పెట్టి, పక్షులు దూరకుండా కిటికీలకి తీగ జాలీలు కొట్టించాడు, పుస్తకాలు తొమ్మిదొందలు దాటాయి. దీన్ని చీకటి కోట అంటారా?

ఇక ఫిరంగుల సంగతి. 1360ల్లో ఫిరంగులు ఉన్నా కోట గోడల్ని పడగొట్టేంతవి కాదు. జరిగింది ఏంటంటే ఊరు పెరిగింది, కొత్త గోడ ఇంకా పడమటికి జరిపి కట్టేసరికి లూవ్ర్ లోపలికి వచ్చేసింది, కాపలా పని పోయింది కాబట్టి ఇల్లు చేసుకోడానికి వీలైంది. ఆ చార్లెసే 1370లో పారిస్ తూర్పు పక్క బాస్తీ (బాస్టిల్) కోట మొదలుపెట్టించాడు, పారిస్ దగ్గరి వాన్సెన్ లో 50 మీటర్ల బురుజు పూర్తి చేయించి అందులోనే తన గది పెట్టుకున్నాడు, అంటే కోటల కాలం ఐపోలేదు సరికదా కోటలోనే సుఖంగా ఉండటం నేర్చుకున్నారు.

డావించీ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆయన ఫ్రాన్స్ లోని అంబ్వాజ్ ఊళ్ళో 1519లో చనిపోయాడు, లూవ్ర్ పని పియేర్ లెస్కో అనే ఆర్కిటెక్ట్ చేతికి వచ్చింది 1546లో. లెస్కో ఫ్రెంచ్ వాడు, శిల్పాలు చెక్కిన జాన్ గుజోన్ కూడా ఫ్రెంచ్ వాడే. స్తంభాల తీరు ఇటలీ నుంచి నేర్చుకున్నదే, అది కాదనను. ఫ్రాన్సిస్ 1547లోనే పోయాడు కాబట్టి లెస్కో కట్టిన కొత్త విభాగం ఎక్కువగా కొడుకు రెండో హెన్రీ కాలంలో లేచింది, గోడల మీద హెన్రీ పేరు మొదటక్షరం ఇప్పటికీ చూడొచ్చు.

మొత్తం కూల్చేసాడన్నదీ తప్పే. 1528లో ఫ్రాన్సిస్ పడగొట్టింది నడి బురుజుని, దాంతో మధ్య ఆవరణకి వెలుతురు వచ్చింది. లెస్కో విభాగం పడమటి గోడ పునాదుల మీదే లేచింది, ఉత్తరం తూర్పు పక్కల పాత కోట ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నిలబడే ఉంది, చివరి ముక్కలు పోయింది 17వ శతాబ్దంలో. అంటే అన్నేళ్ళు రాజులు సగం కోట సగం ప్యాలెస్ లో ఉన్నారు, ఆ దశ గురించి ఎవరూ రాయరు.

రాయి మిగల్లేదన్నవాళ్ళు మ్యూజియం కింది అంతస్తుకి దిగితే చాలు. 1980ల తవ్వకాల్లో నడి బురుజు అడుగు భాగం, కందకం, బయటి గోడలు బయటపడ్డాయి, ఇప్పుడు ఆ కందకంలో నడిచి వెళ్ళొచ్చు, గోడ రాళ్ళ మీద ఆనాటి రాతి పనివాళ్ళు గుర్తుగా చెక్కుకున్న చిన్న చిన్న హృదయాలు కనపడతాయి.