నాన్న సంతకం మీద ఎగిరిన విమానాలు

1971 యుద్ధం మాట వస్తే పైలట్ల కథలే చెప్పుకుంటాం. ఆ డిసెంబరు 14న శ్రీనగర్ ఆకాశంలో పాకిస్తాన్ సేబర్ జెట్లతో పోరాడి నేలకొరిగిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్, మన వైమానిక దళంలో పరమవీర చక్ర పొందిన ఒకే ఒక్కరు. ఆ కీర్తికి వంక పెట్టేదేమీ లేదు. కానీ ‘మా నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో చేశారు’ అని చెప్పుకునే ఇళ్లలో అత్యధికం ఫిట్టర్లవి, విమానాలకు ఆయుధాలు అమర్చే ఆర్మరర్లవి, రాడార్ ఆపరేటర్లవి. వాళ్ల సేవనూ పైలట్ల కొలతతోనే కొలిచి, చెప్పుకోదగ్గ కథ దొరకక, పిల్లలు పతకాలతో, ఒక పాత ఫొటోతో సరిపెట్టుకుంటున్నారు.

మా నాన్న ఇంజను ఫిట్టరు. యుద్ధం గురించి అడిగితే ‘చలి ఎక్కువ’ అనేవారు. అంతకు మించి రాబట్టడం అమ్మ వల్ల కూడా కాలేదు. ఆ మౌనానికి మూలం ఆయన వృత్తిలోనే ఉందని నా అభిప్రాయం.

విమానం ఎగిరే ముందు ఏ పని ఎవరు చేశారో వాళ్లే విమానం మరమ్మతుల రికార్డయిన ఫారం 700లో సంతకం పెట్టాలి. పైలట్ దాన్ని చూసి, తానూ సంతకం చేశాకే కాక్‌పిట్ ఎక్కుతాడు. ఇంజను దగ్గర పని ముగిశాక పనిముట్లన్నీ లెక్క చూడాలి. ఒక్క స్పానరు తగ్గినా అది దొరికేదాకా విమానం కదలదు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద దాడికి దిగినప్పటి నుంచి 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు పడేదాకా, రాత్రిళ్లు ఈ పనంతా దీపాలార్పిన స్థావరాల్లోనే సాగింది. వెళ్లిన విమానం తిరిగి రాకపోతే, శత్రువు కూల్చాడా, తాను బిగించినదేదైనా వదులైందా అన్న ప్రశ్న ఆ సంతకం పెట్టినవాడిని పట్టుకుంటుంది.

ఆ ప్రశ్నతో బతికినవాడు ఇంట్లో ఎలా ఉంటాడు? గ్యాస్ రెగ్యులేటర్ కట్టేశాక మళ్లీ వెళ్లి చూస్తాడు. జారిన సైకిల్ గొలుసు మరొకరిని ముట్టుకోనివ్వడు. ప్రోగ్రెస్ రిపోర్టు మీద వెంటనే సంతకం పెట్టడు. ఒక్కో సబ్జెక్టు మార్కులు చదివి, మొత్తం కూడి చూసుకున్నాకే కలం తీస్తాడు. చూసేవాళ్లకు చాదస్తం. నాకు మాత్రం అది యుద్ధ చరిత్రలో భాగమే. ఆ యుద్ధకాలంలో సేవ చేసిన వేలమందికి ఒకేలా అందిన సంగ్రామ్ మెడల్ చెప్పనిది అదే చెబుతుంది.

ఇందులో అమ్మల వాటా ఇంకా తక్కువగా నమోదైంది. బదిలీ వచ్చినప్పుడల్లా నల్ల ట్రంకు పెట్టెల మీద పాత యూనిట్ పేరు చెరిపించి కొత్తది రాయించి, తెలుగు వినిపించని ఊళ్లలో సంసారం నెట్టుకొచ్చింది వాళ్లే. ఇలా బదిలీలయ్యే ఉద్యోగుల పిల్లల చదువు దెబ్బతినకూడదనే 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. యుద్ధం రోజుల్లో ఇన్‌లాండ్ లెటర్ కోసం పోస్ట్‌మ్యాన్ దారి కాసిన గృహిణికి మాత్రం ఏ రికార్డు ఆఫీసులోనూ ఫైలు లేదు.

అలాగని ఇంటి జ్ఞాపకాలనే చరిత్రగా చెలామణి చేయకూడదు. యాభై ఏళ్లు దాటిన కథల్లో 1965, 1971 కలిసిపోతాయి. పఠాన్‌కోట్‌లో ఇంజన్లు విప్పిన తాతయ్య మనవళ్ల నోట ఢాకా మీద బాంబులు వేస్తాడు. కాబట్టి ముందు సర్వీసు ముగిశాక ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం తీసి ట్రేడు (చేసిన పని విభాగం), తేదీలు చూసుకోవాలి. ఆ తర్వాత అమ్మను, నాన్న తోటివాళ్లను అడగాలి. యుద్ధంలో ఏం జరిగిందంటే పెద్దవాళ్లు తడుముకుంటారు. ఏ విమానం మీద పని చేశారు, షిఫ్టులో పక్కన ఎవరుండేవారు అంటే ఆగకుండా చెబుతారు. నాన్న ముంజేతి మీది కాలిన మచ్చ కాగిన నూనె పడినది కాదని, వేడి చల్లారని ఇంజను దగ్గర తగిలినదని నాకు తెలిసింది అలాంటి ప్రశ్నతోనే. ఆ తరంలో అందరికంటే చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు డెబ్భై దాటింది. వాళ్లకు ఫోను చేయడానికి పండగ దాకా ఆగనక్కర్లేదు.