తండ్రి – చెల్లుబాటు సాయంత్రం 5 వరకు

కన్నవాళ్ళను గేటు బయట నిలబెట్టే విద్యలో తెలుగునాట మొదటి పీట బెజవాడది. గుంటూరు వాళ్ళు వాటా అడిగితే ఇద్దాం, పక్కూరే కదా. హైదరాబాదు మాత్రం ఈ విషయంలో నోరెత్తడానికి వీల్లేదు. అనుమానమున్నవాళ్ళు ఏ ఆదివారమో గూడవల్లి, నిడమానూరు, ఈడుపుగల్లు వైపు వెళ్ళి చూడండి. రెసిడెన్షియల్ కాలేజీల గోడల పక్కన, వేపచెట్ల కింద, ఆపిన కార్ల నీడన దుప్పట్లు పరిచి ఉంటాయి. క్యారియర్లు విప్పి ఉంటాయి. తల్లి పలావు ముద్దలు పెడుతుంటుంది, తండ్రి వీక్లీ టెస్టు మార్కులు అడుగుతుంటాడు. ముద్దకీ ముద్దకీ మధ్య ఫిజిక్సు. పిల్లని బయటికి తీసుకెళ్ళాలంటే అవుట్‌పాస్ కావాలి, దాని మీద తండ్రి సంతకం కావాలి, సంతకం చేసిన మొహం కార్డు మీది ఫొటోతో సరిపోవాలి. ఫొటోలో లేడని సొంత మేనమామను వెనక్కి పంపేసిన వాచ్‌మన్లున్నారు మన దగ్గర. శ్రీహరికోటలో కూడా ఇంత కట్టుదిట్టం ఉంటుందనుకోను.

ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మా అమ్మాయిని ఆరో తరగతిలోనే ఆ గోడ లోపల చేర్పించాం. చదువంటే అట్లాగే రావాలి, లేకపోతే రాకూడదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఇన్నేళ్ళు మనం ఫీజులు పోసి పెంచిన ఈ విద్యని గుజరాత్ ఫ్యాక్టరీలు పైసా ఇవ్వకుండా ఎత్తుకుపోయాయి.

అమ్మాయి దహేజ్‌లో కెమికల్ ఇంజనీరు. కంపెనీ పేరు చెప్పను. చెబితే సత్యనారాయణపురంలో సగంమంది జీతం కూడా చెప్పేస్తారు. దహేజ్ అంటే భరూచ్ జిల్లాలో, నర్మద సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, ఖంభాత్ సింధుశాఖ ఒడ్డున ఉన్న ఊరు. ఊరు అనడం మర్యాదకి. పెట్రోలియం, రసాయనాల పరిశ్రమల కోసమని 453 చదరపు కిలోమీటర్లకి గీత గీసిన ప్రాంతమది. దేశంలో మొట్టమొదటి ఎల్‌ఎన్‌జీ టెర్మినల్, అంటే ద్రవరూపంలో ఓడల మీద వచ్చే సహజవాయువుని దింపుకునే రేవు, 2004లో మొదలైంది అక్కడే. పైపులు, ట్యాంకులు, చిమ్నీలు, ట్యాంకర్ లారీలు, మళ్ళీ పైపులు. మనిషంటూ కనబడితే హెల్మెట్టుతోనే కనబడతాడు.

అమ్మాయిని చూడ్డానికి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఒక నిద్ర తీసి లేచినా మహారాష్ట్రే, టిఫిన్ చేసినా మహారాష్ట్రే. సామానులో మా బట్టలకంటే తిండి బరువెక్కువ. నిరుటి ఆవకాయ, గోంగూర, గుంటూరు కారం, బందరు లడ్డూ. ఆవకాయ సీసాకి మా ఆవిడ మూడు కవర్లు తొడిగి, రబ్బరుబ్యాండ్లు బిగించి, పైన నా పాత లుంగీ చుట్టింది. చుక్క నూనె బయటికి రాలేదు. తర్వాత ప్లాంటులో లీకుల నివారణ మీద అరగంట పాఠం చెప్పిన సేఫ్టీ ఆఫీసరుకి ఆ సీసా చూపించి ఉండాల్సింది.

నర్మద దగ్గర ఆవిడ మొహం ముడుచుకుంది. నది బాగాలేక కాదు. నర్మదా పుష్కరాలు 2024 మేలో అయిపోయాయి, మన పిల్లకి ఉద్యోగం ఆ తర్వాత వచ్చింది. "అదేదో కాస్త ముందిచ్చి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయింది?" అంది. న్యాయమైన ప్రశ్న. కంపెనీలు మనుషుల్ని తీసుకునేటప్పుడు పంచాంగం చూడవు.

మార్చి 4 జాతీయ భద్రతా దినం. 1966లో అదే రోజున జాతీయ భద్రతా మండలి ఏర్పడింది కాబట్టి ఆ వారమంతా ఫ్యాక్టరీల్లో ప్రతిజ్ఞలు, పోటీలు, బ్యానర్లు. కొన్నిచోట్ల ఆ సందట్లో కుటుంబాలని కూడా లోపలికి రానిస్తారు. మిగతా రోజుల్లో కన్నతల్లయినా గేటు దాకానే. మేం ఆ వారం చూసుకునే వెళ్ళాం.

గేటు దగ్గర ఫోను తీసుకున్నారు. అగ్గిపెట్టె ఉందా అని అడిగారు. నూలు బట్టలే కట్టుకోవాలని అమ్మాయి ముందే ఫోన్‌లో చెప్పింది, సిల్కూ పాలియెస్టరూ అయితే రాపిడికి కరెంటు పుడుతుందట. కంచిపట్టు కట్టుకుని కూతురి ఆఫీసులో అడుగు పెట్టాలని ఏళ్ళ తరబడి అనుకున్న మనిషి, మంగళగిరి నూలుచీరతో సరిపెట్టుకుంది. దాని కింద ఇనప ముక్కున్న సేఫ్టీ బూట్లు. మట్టెలు ఒరుసుకుంటున్నాయని రెండడుగులకోసారి ఆగింది గానీ, తీసెయ్యమంటే ససేమిరా అంది. మొగుణ్ణి నేను పక్కనే ఉండగా మట్టెలు తీయడమేంటని అక్కడున్న సెక్యూరిటీ మనిషిని తెలుగులోనే నిలదీసింది. ఆయన గుజరాతీలోనే ఒప్పుకున్నాడు.

తర్వాత పాసు. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఎవరి కోసం వచ్చారు. సంబంధం అన్నచోట 'తండ్రి' అని రాశారు. దాని కింద గడిలోనే చెల్లుబాటు, 'సాయంత్రం 5 గంటల వరకు'. అడుగున బాధ్యత వహించే ఉద్యోగి సంతకం, అమ్మాయిది. లోపల నేను ఏ వెధవపని చేసినా జవాబు అమ్మాయి చెప్పుకోవాలట. ఒకప్పుడు నా సంతకం లేనిదే గేటు దాటని పిల్ల!

"నాన్నా, జేబులో చేతులు పెట్టుకుని నడవకు. మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకో. ఆ పసుపుగీత దాటకు." ఆ గొంతు నేనెరుగుదును. గూడవల్లి వార్డెన్‌ది.

సినిమా వేసి చూపించారు. గ్యాసు లీకైతే ముందు తలెత్తి, గాలి ఎటు వీస్తోందో చూపించే గాలిసంచీ ఎటు ఊగుతోందో చూడాలి. గాలికి ఎదురుగానో అడ్డంగానో పోవాలి తప్ప గాలివాటున పోకూడదు, పోతే గ్యాసు కూడా మనతోనే వస్తుంది. హాల్లో ఉన్నవాళ్ళంతా తలలూపారు. నాకు మాత్రం మింగుడుపడలేదు. గాలి ఎటుంటే అటు పోవడం వల్ల బెజవాడలో ఇంతవరకు ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. కొందరు మంత్రులు కూడా అయ్యారు.

బయటికొచ్చాక ఆకాశంలో మంట. పొడుగాటి గొట్టం చివర పట్టపగలే భగభగ. మేం పరుగు లంకించుకోబోయాం. అమ్మాయి కదల్లేదు. "అది ఫ్లేర్ అమ్మా. లోపల ప్రెజర్ పెరిగితే గ్యాసుని ఊరికే గాల్లోకి వదలకూడదు, అక్కడ కాల్చేస్తాం. చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి." ఆవిడ చాలాసేపు అట్లా చూస్తూ నిలబడి, "ఎన్ని సిలిండర్లవుతాయే అది?" అంది. దేశ ఇంధన విధానం మీద ఇంత సూటి ప్రశ్న నేను పార్లమెంటులో కూడా వినలేదు.

కంట్రోల్ రూములో పెద్ద పెద్ద స్క్రీన్లు, గీతలు, అంకెలు. పాతికేళ్ళవాళ్ళు కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. ఇంతా చదివించింది టీవీ చూడ్డానికా అన్నట్టు మా ఆవిడ నావైపు చూసింది. అప్పుడే మీసాలాయన ఒకాయన, వయసులో నాకు అన్న అవుతాడు, కాయితం పట్టుకొచ్చి అమ్మాయి ముందు నిలబడ్డాడు. వర్క్ పర్మిట్. దాని మీద సంతకం పడనిదే లోపల వెల్డింగ్ రవ్వ ఎగరడానికి వీల్లేదట. అమ్మాయి చదివింది. ఏదో అడిగింది. సంతకం పెట్టకుండా తిప్పి పంపింది. ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఇంట్లో గ్యాసు స్టవ్వు వెలిగించమంటే లైటరు దొరకలేదనే పిల్ల.

మెస్సులో పప్పు తియ్యగా ఉంది. బెల్లం వేస్తారు. మనం తెచ్చిన కారం అప్పుడు బయటికి తీశాం, ఆ మెస్సు చరిత్రలో అది గుర్తుండిపోయే మధ్యాహ్నం, వివరాలు అనవసరం. అక్కడే అడిగాను, ఇంత దూరంలో, ఈ గోడల మధ్య బెంగగా ఉండదా అని.

"బెంగెందుకు నాన్నా? బెల్లు, మెస్సు, రోల్‌కాల్, ఆదివారం అవుటింగ్. నాకిక్కడ కొత్తేముంది? అప్పుడు మీరు డబ్బు కట్టేవాళ్ళు, ఇప్పుడు వీళ్ళిస్తున్నారు."

కాబట్టి నా వాదన రుజువైంది. ఇట్లాంటి మనిషి ఊరికే తయారవదు. ఆరో తరగతి నుంచీ గంట కొడితే లేచి, గంట కొడితే తిని, అమ్మానాన్నల్ని గడియారం చూసుకుంటూ కలిసిన పిల్లలైతేనే ఇంత నిబ్బరంగా ఉండగలరు. ఆ పెట్టుబడి మనది. దహేజ్‌లోనూ ఇంకెక్కడైనా సరే, బెజవాడ సరుకు వాడుకుంటున్న ప్రతి కంపెనీ ఉమ్మడి కృష్ణా జిల్లా తల్లిదండ్రులకి రాయల్టీ చెల్లించాలి. అది కుదరకపోతే పాసు మీద చెల్లుబాటు ఆరు గంటలకైనా పెంచాలి.

ఆదివారం సముద్రం. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా సముద్రం చూడకుండా రారు. సూర్యలంకలో చూసిందీ మంగినపూడిలో చూసిందీ చాలవు. దహేజ్ నుంచి అవతలి ఒడ్డునున్న ఘోఘాకి పెద్ద ఫెర్రీ ఉందని విన్నాం. 2017లో మొదలైంది నిజమే, దహేజ్ దగ్గర మేట వేసి సాగక 2020లో దాన్ని సూరత్ దగ్గరి హజీరాకి మార్చేశారు. అందుకని జంబూసర్ మీదుగా కావి కంబోయి వెళ్ళాం, స్తంభేశ్వర మహాదేవుడి గుడికి. తారకాసురుణ్ణి చంపాక కుమారస్వామి ప్రతిష్ఠించాడంటారు. ఆ గుడి రోజుకి రెండుసార్లు సముద్రంలో మునుగుతుంది. పాటు వేళకి నీళ్ళు తీసి శివుడు బయటపడతాడు, పోటు వేళకి లోపలికి పోతాడు. ఖంభాత్ సింధుశాఖ గరాటులాగా లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది కాబట్టి నీళ్ళు పైకి తంతాయి. ఆ అవతలి ఒడ్డున భావనగర్ దగ్గర పోటుకీ పాటుకీ తేడా పది మీటర్లు దాటుతుంది. మన బందరులో మనిషెత్తు కూడా ఉండదు. పైగా ఆ వేళలు రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. దేవుడికి కూడా జనరల్ షిఫ్ట్ ఇవ్వలేదన్నమాట, రొటేషనే.

బురద. కనుచూపు మేర బురద. "ఇదేం సముద్రమండీ, కృష్ణకి కొత్తనీరొచ్చినట్టుంది" అని మా ఆవిడ ఒడ్డునే ఆగిపోయింది. వాళ్ళది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన నాటికి తనకి మాటలు కూడా సరిగ్గా రాలేదు, అయినా వెనక్కి తగ్గిన సముద్రాన్ని నమ్మే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మాయి టైము చూసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. పిల్లకి ఇంటికి దగ్గర్లో ఉద్యోగం రావాలని. బయటికే అంది, నేను విన్నాను.

మొక్కు తీరే దారి నాకు తోచింది. బందరు పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. మనింటికి డెబ్భై కిలోమీటర్లు. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే వెతుక్కుంటూ వచ్చి వ్యాపారం పెట్టిన రేవు అది. నాలుగు పరిశ్రమలొస్తే పిల్ల పొద్దున్నే బస్సెక్కి రాత్రికి ఇంటికొచ్చేస్తుంది. ఇదే చెప్పాను.

"బందరా?" అంది మా ఆవిడ, మట్టెల బురద కడుక్కుంటూ. "సంబంధాల వాళ్ళడిగితే అమ్మాయి బందరు బస్సెక్కుతుందని చెప్పమంటారా? గుజరాత్ అంటే ఆ దర్జా వేరు."

అది కూడా నిజమే. ప్రభుత్వం వారు బందరు పోర్టుని మరో వెయ్యి కిలోమీటర్లు అవతల కట్టే వీలుందేమో పరిశీలించాలి.