సవరణ: పాత పికప్ హెడ్‌లైట్ రిలే వైరింగ్

పాత పికప్‌కి హెచ్4 బల్బులు (లో, హై బీమ్ రెండూ ఒకే బల్బులో ఉండేవి), రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు) బిగించే పద్ధతి రాసినప్పుడు రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది, రిలేని పనిచేయించే తీగచుట్ట (కాయిల్) రెండు కొసలు 85, 86 పిన్నులు; అందులో 85ని బాడీకి ఎర్త్ చేయమన్నాం. అన్ని బండ్లకూ అది కుదరదు. పాత టయోటా పికప్‌లు చాలావాటిలో స్విచ్ ఉండేది ఎర్త్ వైపు. బల్బు కామన్ పిన్‌కి ప్లస్ వస్తుంది, లో, హై వైర్లను స్విచ్ ఎర్త్‌కి కలుపుతుంది. అలాంటి బండిలో మేం చెప్పినట్టు లో వైరుని 86కి ఇస్తే కాయిల్‌కి రెండువైపులా ఎర్తే, రిలే టిక్కుమనదు. 86కి పాత సాకెట్ కామన్ వైరు, 85కి లో వైరు ఇవ్వాలి. హై రిలేకి హై వైరు. ముందు సాకెట్ ఊడదీసి, లైట్లు వేసి, ఏ పిన్‌లో 12 వోల్టులు ఉన్నాయో మీటరుతో చూడండి.

రెండోది ఫ్యూజు. 100/90 వాట్ల (హై 100, లో 90) బల్బులు రెంటికీ కలిపి ఒకే 15 ఆంపియర్ల ఫ్యూజు చాలదు: 200 వాట్లంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 17 ఆంపియర్లు. ఒక్కో బల్బుకి విడిగా 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయండి. అసలు పాత రిఫ్లెక్టర్‌కి 60/55 వాట్ల బల్బు చాలు. అప్పుడు వేడికి ప్లాస్టిక్ సాకెట్ కరగదు.

కొత్తగా పెయింట్ వేసిన బండైతే ఎర్త్ బోల్టు కింద రంగు గీకడం మరవకండి.