ఉచితంగా చదివిస్తే ఊరేం గావాలె?

ఫీజు లేదంటే నాకు మొదటినుంచీ అనుమానమే. మా గల్లీ చివర పెంకుటింట్లో నాలుగు నెలల కిందట ఒక పుస్తకాల గది తెరిచారు. సాయంత్రం అయిదింటి నుంచి ఎనిమిదింటి దాకా పిల్లలెవరైనా రావచ్చు. చదువుకోవచ్చు, బొమ్మలు గీసుకోవచ్చు, కథలు రాసుకోవచ్చు, ఏమీ చెయ్యకుండా గోడకానుకుని కూర్చోవచ్చు కూడా. అడ్మిషన్ లేదు, ఐడీ కార్డు లేదు, యూనిఫాం లేదు. నల్లగొండలో పుట్టి పెరిగిన బాధ్యతగల పౌరుడిగా, కొడుక్కి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ ఫీజు కడుతున్న తండ్రిగా, ఇది చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

దీని వెనక ఎవరున్నారన్నది మొదటి ప్రశ్న. గడియారం సెంటర్ దగ్గర మేం రోజూ కూర్చునే చాయ్ హోటల్లో దీనిమీద వారం రోజులు విచారణ జరిగింది. "ఎలక్షన్ల నిలబడతరు కావచ్చు" అన్నాడొకడు. "గా జాగ మీద కన్నేసిన్రు" అన్నాడు వెంచర్లు చేసే మిత్రుడు. ఆయన లెక్కలో ఎవరు ఎక్కడ నిలబడ్డా గజం రేటు అడగడానికే. తీరా ఆరా తీస్తే, నడిపేది బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి, డిగ్రీ చదివే ఇద్దరు పోరగాళ్లు. చాపలు ఒకరిచ్చారు, పుస్తకాలు పదిమంది ఇచ్చారు, ఫ్యాను ఇంటి ఓనరుది. "మరి మీకేమొస్తదమ్మా?" అని నేనే సూటిగా అడిగాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "పొద్దు మంచిగ గడుస్తది సార్" అంది. ఇంతకన్నా అనుమానాస్పదమైన జవాబు నా నలభై ఆరేళ్లలో వినలేదు.

మనకేమైనా గ్రంథాలయాలు తక్కువా? 1960 నాటి చట్టం పుణ్యమా అని ఇంటి పన్నుమీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. రెండున్నర వేల పన్నుంటే ఏటా 200 రూపాయలు. పైసలు కట్టేదీ నేనే, పోయి చదివేదీ నేనేనా? సెస్సు రసీదు బీరువాలో పెట్టిన రోజే నా వంతు సాహిత్యసేవ అయిపోయిందని నా నమ్మకం.

అట్లని లైబ్రరీలు ఖాళీగా ఉన్నాయనుకునేరు. ఏ జిల్లా కేంద్రానికైనా పోయి చూడండి, రీడింగ్ హాలు కిటకిటలాడుతుంటుంది. తలుపు తీయకముందే బారులు తీరి, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసాతో వచ్చి, కుర్చీ మీద రుమాలు వేసి జాగా పట్టుకుంటారు. గ్రూప్స్ వాళ్లొక దిక్కు, పోలీసు ఉద్యోగాల వాళ్లొక దిక్కు. వాళ్లకు లైబ్రరీ పుస్తకాలతో పనిలేదు, ఎవరి మెటీరియల్ వాళ్లదే. కావాల్సింది కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం. మొన్న ఓ పిల్లవాడు మెట్లమీద కళ్లు మూసుకుని జపం చేస్తున్నాడు. ఏ మంత్రమో అని చెవి పెట్టాను. "1901 హైదరాబాద్, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1904 హనుమకొండ, రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం." గ్రంథాలయం మెట్లమీద కూర్చుని గ్రంథాలయోద్యమాన్ని బట్టీ పడుతున్నాడు! దానికి ఒక మార్కు. చదువంటే అదీ. ఆ పిల్లవాణ్ణి నేనేమీ అనడంలేదు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ పెడితే అది కోర్టులో రద్దయింది. ఒకే గండం రెండుసార్లు దాటి రెండుసార్లూ మొదటికొచ్చిన మనిషి చేతిలో ఇప్పుడు కథల పుస్తకం పెడితే, పెట్టినవాడి నెత్తిమీదే కొడతాడు. న్యాయమే.

నా భయం మా గల్లీ పిల్లల గురించి. ఎందుకంటే పుస్తకాల గది ఊరికే ఉండదు. దానికి సాక్ష్యం చరిత్రలోనే ఉంది. మన పక్కనున్న మునగాల రాజా నాయని వెంకట రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు కలిసి ఆ 1901లో హైదరాబాద్‌లో పుస్తకాల బీరువాలు పెట్టారు. పెట్టినవాళ్లు తాళం వేసుకుని పోయారా? లేదు. రోగం జిల్లాలకు పాకింది. 1922 నాటికి మన నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చాడు. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నారట. పోనీలే, లేకపోతే పీడ పోయింది అనుకోవచ్చుగా! ఊరూరా వెతికించి, పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అని 354 మందిని అచ్చేసి లెక్క చూపించాడు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ తేలింది! 354 మంది చాలని నా అభిప్రాయం. మా పెంకుటింట్లో 355 నుంచి లెక్క సాగుతోంది.

నిజాం సర్కారుకు ఈ ప్రమాదం తెలుసు. గస్తీ నిషాన్ 53 అని ఒక ఫర్మానా పెట్టి, సభ జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్నారు. గ్రంథాలయం వార్షికోత్సవమన్నా నలుగురు కూడితే సభే గదా. ఉద్దేశం మంచిదే గానీ పద్ధతిలో పొరపాటు చేశారు. వద్దంటే మనవాళ్లు పట్టుపట్టి చదివారు. మనది నాజూకు పద్ధతి. ఎవరినీ వద్దనం. పొద్దున ఎనిమిదింటికి బడి బస్సు ఎక్కిస్తాం, సాయంత్రం స్టడీ అవర్, ఆపైన ట్యూషన్, ఆపైన హోంవర్క్. చదవడానికి తీరికే ఇవ్వం. ఒక్క ఫర్మానా రాయకుండా, ఒక్క లాఠీ లేపకుండా పని అయిపోతుంది.

అటువంటి పకడ్బందీ ఏర్పాటుకు ఈ పెంకుటిల్లు గండి కొట్టింది. మా ఇంట్లో జరిగిన నష్టం చెబుతాను. నెల నెలా డబ్బులు కడుతున్న వైఫై సాయంత్రం మూడు గంటలు పనీపాటా లేక తిరుగుతోంది. మావాడు ఫోన్ అడగడం మానేశాడు. అది చాలదన్నట్టు ముసలామెను కూడా చెడగొట్టారు. ఆ పిల్లలు గోడ పత్రిక ఒకటి పెడుతున్నారు, చార్టు మీద. ఈసారి దాని పేరు 'నానమ్మ మాటలు'. కూరాడు, గుమ్మి, శిబ్బి, దూప అంటూ ఇళ్లల్లో ముసలివాళ్ల నోట మాటలు పట్టుకొచ్చి, అర్థం రాసి, పక్కన బొమ్మ గీస్తారు. ఒకనాడు నలుగురు పిల్లలు నోటు పుస్తకాలతో మా అమ్మ మంచం చుట్టూ చేరారు.

"కూరాడు అంటే కుండేనా నానమ్మా?"

"కుండే గానీ బిడ్డా, కుండ అంటే ఊకోదు. ఇంట్ల పెద్దమనిషి లెక్క అది."

ఆ ఒక్క ముక్క పట్టుకుని గంటన్నర. పన్నెండేళ్లుగా ఆగని సీరియల్ ఆ రోజు టీవీలో తనపాటికి తాను ఏడ్చుకుంది. మా అమ్మ తలెత్తి చూడలేదు. ఈ మాటలు ఏ సిలబస్‌లో ఉన్నాయని నేనడిగితే, "నీకెర్కనా, గుమ్మి ఏంతోని అల్లుతరో?" అని నన్నే ఎదురు ప్రశ్న వేసింది. నాకు తెలియదు. పిల్లల ముందర.

మావాడు ఏదో కథ కూడా రాశాడట. తండ్రిని కదా, పద్ధతిగానే అడిగాను.

"ఎన్ని మార్కులేసిన్రు?"

"గక్కడ మార్కులెయ్యరు డాడీ."

"మరి నీది మంచిగుందని ఎట్ల తెలుస్తది?"

"చదివినప్పుడు అందరు నవ్విన్రు."

నవ్వును ఏ ర్యాంకు కింద రాసుకోవాలో ఫౌండేషన్ కోర్సు వాళ్లను అడిగాను. వాళ్లు నా ఫీజు బాకీ గుర్తుచేశారు.

ఇట్లా కాదని, చాయ్ హోటల్ పెద్దలం కలిసి ఒక ఉపాయం చేశాం. మన దగ్గర దేన్నైనా నిలువునా ఆపాలంటే దాన్ని ఘనంగా ప్రారంభించాలి. నాలుగు నెలలుగా నడుస్తున్నదానికి ప్రారంభోత్సవం ఏమిటని ఆ బ్యాంకు అమ్మాయి అడిగింది. పాపం చిన్నపిల్ల, లోకం తెలియదు. ఒక నాయకుణ్ణి ఒప్పించాం. పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టించాం. ఇరవై రెండు మొహాలు, అన్నీ నమస్కారాలు పెడుతూ. గదికున్న ఒక్క కిటికీకి ఫ్లెక్సీ సరిగ్గా అడ్డమొచ్చి లోపల చీకటైపోయింది. పిల్లలు మారుమాట లేకుండా లైటు వేసుకుని పని చేసుకుంటున్నారు.

నాయకుడు గంటన్నర ఆలస్యంగా, అంటే టైముకే వచ్చాడు. శాలువాలున్నాయి, కొబ్బరికాయ ఉంది, ఫొటోగ్రాఫర్ ఇద్దరున్నారు, గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఆయన చెయ్యి చాపాడు. చాపిన చేతిలో పెట్టడానికి కత్తెర లేదు. ఒకడు టైలర్ కోసం పరుగెత్తాడు, ఇంకొకడు మంగలి షాపుకి. ఇంతలో లోపల కత్తెర ఉందని ఎవరో కనిపెట్టారు. రిబ్బను కింద నుంచి వంగి చూస్తే, చాప మీద ఒక తొమ్మిదేళ్ల పిల్ల నాలుక బయటపెట్టి, పసుప్పచ్చ అట్ట మీద పులిని కత్తిరిస్తోంది. పీరీల పండుగకు చూసిన పులి వేషమట, వాళ్ల నాటకానికి.

"అమ్మా, సార్ వచ్చిండు, జెర కత్తెర ఇయ్యి" అన్నాను.

ఆ పిల్ల తలెత్తలేదు. గుమ్మంలో చెయ్యి చాపి నిలబడ్డ, జుట్టుకు కొత్తగా రంగేసుకున్న మనిషి కాళ్లు మాత్రం రిబ్బను కింద నుంచి ఒకసారి చూసింది.

"జెర ఆగు తాతా, తోకొక్కటే ఉంది."