శాలువా ఎవరికి కప్పుతున్నాం?

2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఊరికి దూరంగా ఇక్కడ ఉన్న మాకు ఒకటే టెన్షన్. మా ఊరున్న వజ్రపుకొత్తూరు వైపు ఎవరి ఫోనూ కలవడం లేదు. మర్నాడు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మా ఇంటి పెంకుల మీద కొబ్బరిచెట్టు అడ్డంగా పడి ఉంది, అరుగు మీద నాన్న కూర్చుని ఉన్నారు. కింద ఒకే ముక్క: "మీవోళ్లు బాగున్నారు బావు, బెంగెట్టుకోకండి." పంపింది మా ఊరి విలేకరి. సిగ్నల్ కోసం బండేసుకుని టెక్కలి దాకా వెళ్లాడట.

మన జిల్లావాళ్ల సంఘంలో ఏటా నవంబర్ 16న జాతీయ పత్రికా దినోత్సవం చేసి ఎవరో ఒకరికి శాలువా కప్పుతాం కదా, ఆ తేదీకి ఇలాంటి మనిషితో సంబంధమేమీ లేదు. 1966లో, పత్రికల తీరుతెన్నులు చూసే ప్రెస్ కౌన్సిల్ పని మొదలుపెట్టిన రోజు అది. అలాంటి సంస్థ ఉండాలని పత్రికల స్థితిగతులు చూడమని ప్రభుత్వం వేసిన మొదటి ప్రెస్ కమిషన్ 1954లోనే చెప్పింది. పెట్టడానికి పన్నెండేళ్లు పట్టింది. పదేళ్లు నిండకముందే ఎమర్జెన్సీలో రద్దు చేసేశారు. పత్రికలకు సెన్సార్ నడుస్తున్న రోజుల్లో, సరిగ్గా కావలసినప్పుడు, అది లేదు. 1978లో మళ్లీ చట్టం చేసి మరుసటి ఏడు నిలబెట్టారు. ఇప్పటికీ అది తప్పు చేసిన పత్రికను మందలించగలదు, అభిశంసించగలదు, అంతే. జరిమానా వేసే అధికారం లేదు. టీవీ చానళ్లు దాని పరిధిలోనే లేవు.

పండగ చేయాలంటే ఆ కమిషన్ నివేదిక తర్వాత వచ్చిన ఇంకోదానికి చేయాలంటాను. జర్నలిస్టుల జీతాలకు, పని గంటలకు, సెలవులకు లెక్క చెప్పిన, 2025 దాకా అమల్లో ఉన్న 1955 చట్టానికి. అయితే మా ఊరి విలేకరి చేతిలో నియామక పత్రమే లేదు, ఇక ఏ చట్టమైనా ఏం చేస్తుంది? అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి ఇచ్చేది పెట్రోలుకు చాలదు. అందుకే సెల్ రీచార్జి కొట్టు నడుపుతాడు. సంక్రాంతికి, ఆగస్టు 15కి యాడ్‌ల టార్గెట్ ఒకటి. సర్పంచ్ గుమ్మంలో నిలబడి శుభాకాంక్షల ప్రకటన అడిగి తెచ్చినవాడు, వారం తిరక్కుండా అదే సర్పంచ్ వేయించిన సిమెంటు రోడ్డు పగిలిందని ఎలా రాస్తాడు? అయినా అప్పుడప్పుడూ రాస్తాడు. మరుసటి పండక్కి ఆ యాడ్ రాదు.

మన సంఘం మాత్రం ఆ రోజున ఏటా హైదరాబాద్ నుంచి ఒక టీవీ యాంకర్‌ను పిలిపించి శాలువా కప్పుతుంది. విమానం టిక్కెట్టు, హోటల్, ఫొటోలు. ఆ టిక్కెట్టు డబ్బుతో మన మండలాల విలేకరులు ఎంతమందికి ప్రమాద బీమా కట్టొచ్చో కార్యవర్గం ఒకసారి లెక్క వేసి చూడాలి. వాళ్లు తుపానులో బండి మీద తిరిగేవాళ్లు.

బీమాకు ఎవరిని ఎంచాలి, రాజకీయం అవదా అని మొన్న మీటింగులో ఒకరు అడిగారు. అవుతుంది, శాలువాకు మాత్రం అవడం లేదా? శ్రీకాకుళం జిల్లాలో దాదాపు ప్రతి మండలం నుంచీ మనలో ఎవరో ఒకరున్నారు. ఎవరి మండలం విలేకరుల పేర్లు వాళ్లే రాసివ్వండి. మా మండలం కాగితం సెక్రటరీ గారికి ఇప్పటికే ఇచ్చేశాను.