ఇల్లు ఖాళీ చేయించాలంటే కాగితం రాయాల్సిందే

నల్లగొండ రామగిరిలోనైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా ఇల్లు ఖాళీ చేయించే తీరు దాదాపు ఒకటే. కిరాయి పైసలు లెక్కపెట్టుకుంటూ ఓనర్ "అన్నా, వచ్చే నెల వేరే ఇల్లు చూసుకోండి" అంటాడు. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. మాటామాటా పెరిగితేనే కరెంటు పీకేయడం, నీళ్ల మోటరు ఆపేయడం, గేటుకు తాళం వేయడం మొదలవుతాయి. ఇవి ఎంత కోపంలోనూ చేయకూడని పనులు. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, కిరాయిదారు ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటిని మళ్లీ స్వాధీనం చేసుకోవచ్చు. ఇల్లు ఓనర్‌దే అయినా సరే.

అగ్రిమెంటులో నోటీసు గడువు రాసుకుంటే అదే చెల్లుతుంది. లేదంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. 2002 చివర్లో వచ్చిన సవరణతో ఈ గడువును నోటీసు అందిన రోజు నుంచే లెక్కిస్తున్నారు.

రెంట్ కంట్రోల్ చట్టం తమను కాపాడుతుందని చాలామంది కిరాయిదారుల నమ్మకం. కానీ కార్పొరేషన్లలో నెలకు 3,500, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలకు అది వర్తించదు. ఇప్పుడు ఆ కిరాయికి ఇల్లెక్కడ దొరుకుతుంది? కాబట్టి ఎక్కువమందికి దిక్కు ఆ 15 రోజులే. స్కూలుకెళ్లే పిల్లలున్న ఇంటికి అవి ఏ మూలకూ చాలవు. చట్టం అడగకపోయినా రెండు నెలల టైమ్ ఇవ్వాలని, పరీక్షల ముందు ఖాళీ చేయించొద్దని నా గట్టి అభిప్రాయం.

నోటీసుకు పెద్ద భాష అక్కర్లేదు. ఇంటి నంబరు, ఏ తేదీలోగా ఖాళీ చేయాలో రాసి, ఓనర్ సంతకం పెట్టాలి. అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారో కూడా అందులోనే రాస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కిరాయిదారు చేతికిచ్చి రెండో కాపీ మీద సంతకం తీసుకోవచ్చు. ఆయన లేకపోతే ఇంట్లోవాళ్లకు ఇవ్వొచ్చు. వీలుపడకపోతే తలుపుకు అంటించడాన్నీ చట్టం ఒప్పుకుంటుంది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, డెలివరీ రుజువు అడిగి స్పీడ్ పోస్టులో పంపడం మేలు. వాట్సాప్ మెసేజ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

గడువు దాటినా కదలకపోతే వెళ్లాల్సింది సివిల్ కోర్టుకే. ఈలోపు కిరాయి తీసుకుంటే ఓనర్ నోటీసును వదులుకున్నాడని అదే ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ చూపించి కిరాయిదారు వాదించే వీలుంది. అందుకే ఆ డబ్బు, గడువు దాటాక కిరాయిదారు ఇంట్లో ఉన్న రోజులకు పరిహారమేనని, నోటీసు అలాగే ఉందని రసీదులో రాసివ్వాలి.